కుర్చీలకు ఆట చూపించిన రెండేళ్లు

2020 సెప్టెంబరు 19, శనివారం. ఆ సాయంత్రం తిరుమల కొండమీద ధ్వజారోహణంతో శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవాలు మొదలైనాయి. అదే రాత్రి ఏడున్నరకు అబుదాబిలో ముంబై, చెన్నై జట్ల మ్యాచ్‌తో ఐపీఎల్ మొదలైంది. కరోనా మూలంగా రెండు చోట్లా జనం లేరు. మా ఇంట్లో టీవీ చూస్తే ఒకటే. మా ఆవిడకు ఎస్వీబీసీ భక్తి ఛానల్లో పెద్దశేష వాహనం కావాల, మా అక్క కొడుక్కి ధోనీ కావాల. రిమోట్ ఆమె చేతిలో ఉండింది కాబట్టి అంబటి రాయుడు 48 బంతుల్లో కొట్టిన 71 పరుగుల్ని మేం తునకలు తునకలుగా చూసినాం. చెన్నై గెలిచిందిలెండి, 5 వికెట్ల తేడాతో.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్లు అయ్యవారుగా చేసి రిటైరైనవాణ్ణి. విజిల్ ఊది బతికినోణ్ణి. ఆట ఎంత చూస్తానో, ఆట చుట్టూ నిలబడ్డవాళ్లనూ అంతే చూస్తాను. అందుకే ఆ రెండేళ్లూ ఒకటే ఆలోచన: ఏ ఆట జనం లేకపోయినా జరుగుతుంది, ఏ ఆట జరగదు?

కొండమీద సంగతే ముందు చూద్దాం. 2020 మార్చి 20న భక్తుల దర్శనం ఆపేసినారు. జూన్ 11 నుంచి టికెట్లు తగ్గించి మళ్లీ అందరినీ రానిచ్చినారు. బ్రహ్మోత్సవాలు వచ్చేసరికి మాత్రం గుడి చుట్టూ ఉండే మాడవీధులు వద్దనుకున్నారు. వాహన సేవలన్నీ గుడిలోపలి కల్యాణోత్సవ మండపంలో ఏకాంతంగా జరిగినాయి. ఆ యేడు అధిక ఆశ్వయుజం రావడంతో బ్రహ్మోత్సవాలు రెండు. అక్టోబరులో నవరాత్రి బ్రహ్మోత్సవాలూ అట్లే కానిచ్చినారు. హంస, సింహం, గరుడుడు అందరూ మండపంలో ఇమిడినారు. ఇమడనిది ఒక్కటే, రథం. ఎనిమిదో రోజు రథోత్సవం బదులు స్వామిని సర్వభూపాల వాహనం మీద కూర్చోబెట్టినారు. వాహనాన్ని మోయడానికి వాహన బేరర్లు చాలు. రథానికి మోకులు పట్టే వేల చేతులు కావాల. గరుడ సేవకు వచ్చే లక్షల జనం చూడ్డానికి వస్తారు. రథం దగ్గర నిలబడ్డ జనం పనిచేయడానికి వస్తారు. ఈ తేడా ఆటల్లోనూ ఉంది.

సొమ్ములున్న ఆటలు వాహనం లాంటివి. 2020 మే 16న జర్మనీలో బుండెస్‌లిగా ఫుట్‌బాల్ ఖాళీ స్టేడియాల్లో మళ్లీ మొదలైంది. జులై 8న సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్, వెస్టిండీస్ టెస్టు. అందరూ చేసింది ఒకటే: రికార్డు చేసిన కేకలు టీవీలో వినిపించడం. ఐపీఎల్‌లో సిక్సు పడిన అర క్షణానికి కేక లేచేది. ఆ అర క్షణం నా చెవికి ముల్లులా తగిలేది. సౌండు తీసేసి చూడడం అలవాటు చేసుకున్నా.

ఒక మేలు మాత్రం ఒప్పుకోవాల. జర్మనీ మ్యాచ్‌ల లెక్కలు తీసినవాళ్లు చెప్పిందేమంటే, జనం లేనప్పుడు సొంతూరి జట్టుకుండే బలం తగ్గింది, రిఫరీలు పైఊరి ఆటగాళ్లకు పసుపు కార్డులు ఇదివరకంత చూపించలేదు. నాకేం ఆశ్చర్యం కలగలేదు. పల్లెల్లో కబడ్డీకి విజిల్ పట్టుకుని నిలబడితే, పిల్లోడు గీత తొక్కినాడా లేదా అని నేను తేల్చేలోపలే ఊరోళ్లు తీర్పు చెప్పేస్తారు. కాదంటే సాయంత్రం బస్సు దాకా నడిచి రావద్దూ!

అప్పుడు బయోబబుల్ అనేది కొత్త ముచ్చటగా చెప్పుకున్నారు. లోపలికి పోయిన ఆటగాడు బయటికి రాకూడదు, బయటోడు లోపలికి పోకూడదు. మా తిరుపతోళ్లకు ఇది గంగమ్మ జాతర చాటింపే. చాటింపు పడినాక ఊళ్లోవాళ్లు జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదనేది పెద్దల నాటి కట్టు. ఊరికి జబ్బు రాకుండా అమ్మవారిని కొలుచుకునే జాతర అది. అట్లాంటిది జబ్బు మూలంగానే 2020 మే నెలలో వీధుల్లో ఒక్క వేషం కనిపించలేదు. బైరాగి వేషం లేదు, బండ వేషం లేదు, మాతంగి లేదు. ఎవరో వేషం కడితే మనం చూసే జాతర కాదు గదా అది. పొద్దున వేషం కట్టినోడే మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఇంకొకడి వేషం చూస్తాడు. గుళ్లో పూజ చేసుకోవచ్చు, వీధిని మాత్రం మండపంలోకి తేలేరు.

2021 ఫిబ్రవరిలో చెన్నై చెపాక్‌లో ఇంగ్లండ్‌తో రెండు టెస్టులు జరిగినాయి. మాకు హైదరాబాద్ కంటే చెన్నై దగ్గర. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం ఆటకు ఉండొచ్చు. 5న మొదలైన మొదటి టెస్టుకు జనాన్ని రానివ్వలేదు. జో రూట్ 218 కొట్టినాడు, మనం 227 పరుగులతో ఓడినాం. 13న మొదలైన రెండో టెస్టుకు సగం సీట్లకు టికెట్లిచ్చినారు. అదే ఊరు, అవే జట్లు. కోహ్లీ మైదానంలో నిలబడి జనం వైపు తిరిగి విజిల్ వేయండి అని సైగ చేసినాడు. ఇక ఆగుతారా చెన్నై వాళ్లు? సొంతూరి అశ్విన్ రెండో ఇన్నింగ్స్‌లో 106 కొట్టినాడు. అటువైపు ఆఖరి బ్యాట్స్‌మన్ సిరాజ్. అశ్విన్ వంద పూర్తయినప్పుడు తనదే సెంచరీ అయినట్టు ఎగిరి గంతులేసినాడు ఆ పిల్లోడు. 317 పరుగులతో గెలిచినాం. పిచ్ తిరిగింది, టాస్ మనకొచ్చింది, గెలుపంతా జనం చలవ అని నేననను. కానీ సౌండు పెట్టి చూసినా.

అదే సిరాజ్‌కు జనం ఇంకో ముఖం కూడా చూపించినారు. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. 2020 నవంబరులో నాన్న పోయినప్పుడు ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉన్నాడు. బోర్డు ఇంటికి పోవచ్చన్నా పోలేదు. జనవరిలో సిడ్నీ టెస్టుకు కొద్దిమందినే రానిస్తే, ఆ కొద్దిమందిలోనే కొందరు బౌండరీ దగ్గర నిలబడ్డ అతణ్ణి నోటికొచ్చినట్టు తిట్టినారు. ఆట ఆపి ఆరుగురిని బయటికి పంపినారు. అంతకంటే ఖాళీ కుర్చీలే నయం గదా అనిపించింది నాకు ఆరోజు.

2021 జులై, ఆగస్టుల్లో టోక్యో ఒలింపిక్స్ దాదాపుగా ఖాళీ గ్యాలరీల మధ్యనే జరిగినాయి. మహిళల హాకీలో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి మన అమ్మాయిలు మొదటిసారి సెమీఫైనల్ చేరిన రోజు, గోల్ ముందు సవిత గోడలా నిలబడింది. ఆ జట్టుతో పోయిన రిజర్వు గోల్‌కీపర్ మన యర్రావారిపాళెం మండలం పిల్ల రజని. రిజర్వు గోల్‌కీపర్ బతుకు ఎప్పుడైనా ఒకటే, జనం ఉన్నా లేకపోయినా.

అక్టోబరు 15 విజయదశమి. పొద్దున కొండమీద మళ్లీ ఏకాంతంగానే చక్రస్నానం, రాత్రి దుబాయిలో చెన్నైకి ఐపీఎల్ కప్పు. దుబాయిలో అప్పటికి కొంతమందిని రానిచ్చినారు. బ్రహ్మోత్సవాల వాహనాలు మాడవీధుల్లో మళ్లీ కదలడానికి 2022 దాకా ఆగాల్సొచ్చింది.

డిసెంబరు 22న ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్‌ను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద హోటల్లో పెట్టినారు. పన్నెండు జట్లూ అక్కడే, ప్రేక్షకుల్లేరు. తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. దానికి జనం లేకపోవడం కారణం కాదు, గాయాలు, ఆట. ఆ సీజన్ నడుస్తుండగానే 2022 జనవరి 5 నుంచి 9 దాకా తిరుపతి ఇందిరా మైదానంలో జాతీయ కబడ్డీ పోటీలు జరిగినాయి, జనం మధ్య. వైరస్ మళ్లీ పెరుగుతున్న రోజులవి.

ఆ పైవారమే కనుమ. చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగ. కొమ్ములకు పలకలు కట్టి పశువుల్ని వదిలితే, వీధికిరువైపులా నిలబడ్డవాళ్లే దూకి ఆ పలకలు పెరుక్కోవాల. పలక మీద సినిమా హీరో బొమ్మో, నాయకుడి బొమ్మో ఉంటుంది. ఆ యేడూ జనం ఎగబడినారు, దెబ్బలూ తగిలినాయి. తప్పే. కానీ ఖాళీ వీధిలో పశువును వదిలితే అది ఇంటికి పోయి గడ్డి తింటుంది, ఆట ఉండదు. దీనికి ఆపేయడం ఉంది, ఆడడం ఉంది, నడిమధ్య దారి లేదు.

క్రికెట్‌కు ఆ దారి దొరికింది, ఎందుకంటే దాని అసలు గిరాకీ గ్యాలరీలో లేదు. 2018 నుంచి 2022 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 16,347 కోట్లు. గ్యాలరీలు ఖాళీగా పడున్న కాలం దాటినాక, 2022 జూన్‌లో తర్వాతి అయిదేళ్లకు అమ్మితే 48,390 కోట్లు పలికినాయి. స్టేడియంలో కూర్చున్నోడు ఈ బేరంలో ఎంతటివాడో తెలిసిపోయింది.

2023 ఏప్రిల్ 3న చెన్నై జట్టు నాలుగేళ్ల తర్వాత చెపాక్‌లో ఆడింది. మా అక్క కొడుకు టికెట్ కోసం వరసలో తెల్లవార్లూ నిలబడినాడు. దొరకలేదు. "బ్లాకులో ఎంత చెప్తా ఉండారో తెలుసునా మామా?" అని ఫోను చేసినాడు. ఎంతని నేనడగలేదు. తిరుత్తణి మీద బస్సు పట్టుకొని వచ్చేయరా అన్నా.