నలభై ఐదో రేఖకు అటూ ఇటూ

1954లో అమెరికా మసాచుసెట్స్ తీరాన ఫ్రాంక్ మాథర్ అనే శాస్త్రవేత్త బ్లూఫిన్ టూనాలకు చిన్న గుర్తు చీటీలు గుచ్చి మళ్ళీ సముద్రంలో వదలడం మొదలుపెట్టాడు. గాలంతో సరదా వేటకు వెళ్ళే పడవలవాళ్ళే ఆయనకు చేయూత. ఐదేళ్ళ తర్వాత వాటిలో రెండు చేపలు ఐరోపా వైపు బిస్కే అఖాతంలో వలకు చిక్కాయి. అట్లాంటిక్‌ను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదేశాయన్నమాట. ఆ చీటీలు చెప్పిన మాట చట్టం చెవిన పడడానికి అర్ధశతాబ్దానికి పైగానే పట్టింది.

మన కోస్తాలో టూనాను సూర అంటారు. విశాఖ రేవులో దిగే ఎల్లోఫిన్ సూరకు అట్లాంటిక్ బ్లూఫిన్ పెద్దక్క వరుస. మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. 1979లో కెనడాలోని నోవా స్కోషియా వద్ద గాలానికి పడిన 679 కిలోల చేపదే నేటికీ ప్రపంచ రికార్డు. దీని ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. చేపల్లో అది అరుదు. కండరాల నుంచి వచ్చే వేడి నెత్తురు, మొప్పల నుంచి వచ్చే చల్లని నెత్తురు ఒకదాని పక్కన ఒకటి సన్నని నాళాల్లో ఎదురెదురుగా ప్రవహిస్తాయి. వేడి మొప్పల దాకా పోయి నీటిపాలు కాకముందే లోపలికి వచ్చే నెత్తురుకు చేరిపోతుంది. అందుకే బ్లూఫిన్ న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి చన్నీళ్ళలో హెర్రింగ్‌లను వెంటాడగలదు, వసంతానికి మెక్సికో సింధుశాఖ వెచ్చటి నీళ్ళకు వెళ్ళి గుడ్లు పెట్టగలదు. నోరు తెరిచి ఈదుతుంటేనే మొప్పలకు నీరందుతుంది. ఈత ఆగితే ఊపిరాగినట్టే.

గుడ్లు పెట్టే మరో పెద్ద నెలవు మధ్యధరా సముద్రం. అక్కడ పుట్టినవి నాలుగేళ్ళకే ఈడుకొస్తాయి. మెక్సికో వైపువి అంతకు రెట్టింపు కాలం తీసుకుంటాయని చాలాకాలంగా లెక్కవేస్తున్నారు. ఒకే జాతి, రెండు పుట్టిళ్ళు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ చేప దారిని మొదట చదివింది జాలర్లే. మధ్యధరాలోకి ఏటా ఒకే కాలంలో, ఒడ్డు పట్టుకుని వచ్చే చేపల కోసం సిసిలీలో తొన్నారా, స్పెయిన్‌లో అల్మద్రాబా అనే స్థిరమైన వలల కోటలు కట్టారు. చేపకు కుడికన్ను బాగా కనిపిస్తుంది కనుకే నల్లసముద్రంలోకి కుడి ఒడ్డు వెంబడి వెళుతుందని అరిస్టాటిల్ రాశాడు. కారణం తప్పు కావచ్చు గానీ, అంత పాతకాలంలోనే ఆ చేప దారి మీద ఉన్న శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది.

సరదా వేటగాళ్ళు రంగంలోకి దిగింది ఆలస్యంగానే. నవలాకారుడు జేన్ గ్రే 1924లో నోవా స్కోషియాలో 344 కిలోల బ్లూఫిన్‌ను పట్టాడు. 1933లో ఇంగ్లండ్‌లోని స్కార్‌బరో దగ్గర మిచెల్-హెన్రీ అనే వేటగాడు 386 కిలోల చేపతో దాన్ని మించాడు. ఉత్తర సముద్రంలో ఆ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1960ల నాటికి చేపలే రావడం మానేశాయి. మాంసానికి మాత్రం అప్పట్లో గిరాకీ లేదు. ఫొటో దిగాక చేపను పిల్లుల తిండికి అమ్మేవారు, లేదా గొయ్యి తీసి పూడ్చేవారు.

1972 ఆగస్టులో కథ మలుపు తిరిగింది. కెనడాలో సరుకు దించాక తిరిగివెళ్ళే విమానాలు ఖాళీగా పోకూడదని జపాన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ బ్లూఫిన్‌లను మంచులో పెట్టి టోక్యో సుకిజి మార్కెట్‌కు చేర్చారు. సుషీ పీటకెక్కిన ఆ మాంసానికి వచ్చిన ధరే తర్వాతి నలభై ఏళ్ళ వేటను నడిపించింది.

నియమాలు చేయాల్సిన సంస్థ అప్పటికే ఉంది. అట్లాంటిక్ టూనాల సంరక్షణకు 1966లో రియో డి జనీరోలో కుదిరిన ఒప్పందం నుంచి పుట్టిన ఐక్యాట్ అది. 1981లో ఐక్యాట్ 45 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర సముద్రం నడుమ గీత గీసింది. అటుపక్క చేపలు ఒక మంద, ఇటుపక్కవి మరో మంద. పడమటి వైపు కోటాను గట్టిగా తగ్గించి, మెక్సికో సింధుశాఖలో దీని కోసమని వేటకు వెళ్ళడాన్ని 1982లో నిషేధించారు. పుట్టింటిని కాపాడడం సరైన పనే. కానీ మాథర్ చీటీలు తెలిసిన తర్వాత కూడా ఆ గీతను చేప దాటదన్నట్టు లెక్కలు కట్టడం మాత్రం క్షమించరాని పొరపాటు.

1996 నుంచి శాస్త్రవేత్త బార్బరా బ్లాక్ బృందం ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చిన చేపలు, ఆ గీతను తాము దాటుతామని తేల్చి చెప్పాయి. మేతకు కలిసి తిరుగుతాయి, గుడ్లకు ఎవరి పుట్టింటికి అవి పోతాయి. చెవిలోని చిన్న ఎముకరాళ్ళ రసాయన గుణాన్ని పరీక్షిస్తే, అమెరికా తీరంలో దొరికిన పడుచు చేపల్లో సగానికి పైగా మధ్యధరాలో పుట్టినవని 2008లో బయటపడింది. తూర్పున జరిగే అతివేట పడమటి పడవను కూడా ఖాళీ చేస్తుందని అర్థం.

తూర్పున పరిస్థితి అప్పట్లో ఘోరంగా ఉండేది. చేపలను బతికుండగానే చుట్టువలలతో పట్టి పంజరాల్లో మేపే పద్ధతి వల్ల ఎంత పట్టారో తేలేది కాదు. 2007లో కోటా 29,500 టన్నులైతే, పట్టింది సుమారు 61,000 టన్నులని ఐక్యాట్ శాస్త్రవేత్తలే అంచనా వేశారు. 2010లో దోహాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఈ చేప అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని మొనాకో చేసిన ప్రతిపాదన వీగిపోయింది. అయితే ఆ భయం పనిచేసింది. కోటా 13,000 టన్నుల దరిదాపులకు దిగింది. 30 కిలోల కనీస బరువు, చుట్టువలలకు కొద్ది వారాల వేటకాలం, ప్రతి చేపకూ వెంట నడిచే పత్రం వంటి నియమాలు గట్టిగా అమలయ్యాయి. మందలు కోలుకున్నాయి. 2021లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం ఈ జాతిని ప్రమాదం అంచు నుంచి తప్పించింది. మరుసటి ఏడు ఐక్యాట్ ఖరారు చేసిన కొత్త విధానం, రెండు మందలూ కలుస్తాయన్న లెక్కతోనే తూర్పుకు 40,570, పడమటికి 2,726 టన్నులు కేటాయించింది.

అమెరికాలో సరదా వేటకు పర్మిట్ తప్పనిసరి. ఒంటి వంపు మీదుగా టేపు పెట్టి కొలిస్తే ముక్కు నుంచి తోక చీలిక దాకా 27 అంగుళాలు లేనిదాన్ని వదిలేయాలి. 73 అంగుళాలు దాటినదాన్ని పడవకు ఏడాదికి ఒక్కటే ఉంచుకోవచ్చు, అమ్మకూడదు. ఏది ఉంచుకున్నా 24 గంటల్లో తెలియజేయాలి. ఇంగ్లండ్ తీరానికి చేపలు తిరిగొచ్చాయి. స్కార్‌బరో తాతల మనవలు ఇప్పుడు పట్టి, మళ్ళీ నీళ్ళలోకే వదులుతున్నారు.

45 డిగ్రీల గీత పటం మీద ఇంకా ఉంది. ఈలోగా అమెరికా ఈశాన్య తీరానికీ గల్ఫ్ స్ట్రీమ్‌కూ నడుమ ఉన్న స్లోప్ సముద్రంలో బ్లూఫిన్ లార్వాలు కనిపించాయని 2016లో పరిశోధకులు ప్రకటించారు. ఆ మూడో నెలవులో గుడ్లు పెట్టేవి ఏ మందవో తేల్చే పని నడుస్తోంది.