ఓజ్ దేశపు తలుపు మూయనీయని పిల్లలు

కథ సాగుటకు చెప్పువాడెంత ముఖ్యుడో ఊకొట్టువాడును అంత ముఖ్యుడు. వినువారి కన్ను మూతపడినచో ఎంతటి కథకుడైనను నోరు కట్టుకొనవలసినదే. కాశీమజిలీ కథలలోని పసులకాపరి, మజిలీకొక కథ చెప్పిననే గాని యతివెంట కాశీకి రానని ముందుగనే యొడంబడిక చేసికొనెను. అది కల్పనలోని మాట. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట కథకుడొకచోటను, వినువారు వేయిచోట్లను ఉండుట తటస్థించెను. ఊకొట్టు చప్పుడు కథకుని చెవినబడుట మానెను. అయినను ఊకొట్టువారు లేకపోలేదు. వారు తమ మాటను తపాలాపెట్టెలో వేయ నేర్చుకొనిరి. అట్లు జాబులు వ్రాసి, ముగిసిపోయిన కథను తిరిగి తెరిపించిన పాఠకుల వృత్తాంతమొకటి అమెరికా సాహిత్యచరిత్రలో కలదు. ఆ పాఠకులు పండితులు కారు, విమర్శకులు కారు, చిన్న పిల్లలు.

లైమన్ ఫ్రాంక్ బామ్ అనునాయన 1856లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. నాటకములాడెను, అంగడి పెట్టెను, పత్రిక నడపెను, పింగాణి సామానులు అమ్ముచు ఊరూర తిరిగెను. వీనిలో నొకటియు ఆయనకు చిరకాలము అన్నము పెట్టలేదు. నలుబదినాలుగవ యేట, 1900లో, చికాగో నగరమున ఆయన వ్రాసిన ఓజ్ మాంత్రికుని కథ వెలువడెను. సుడిగాలికెగిరి ఓజ్ అను వింతదేశమున పడిన డోరతీ యను పల్లెటూరి బాలిక, మెదడు కోరు దిష్టిబొమ్మ, హృదయము కోరు తగరపు కట్టెలవాడు, ధైర్యము కోరు పిరికిసింహము - వీరి ప్రయాణమే యా కథ. పూర్వపు కథలలోని భయంకర దృశ్యములను, తుదనంటించెడి నీతివాక్యములను విడిచి, పిల్లల సంతోషము కొరకే దానిని వ్రాసితినని ఆయన పీఠికలో చెప్పుకొనెను. పిల్లలకు చెప్పు ప్రతి కథకును నీతి తోక యుండి తీరవలెనని పెద్దలు తలచుచుండిన కాలమున ఇది సాహసమే.

ఆ పుస్తకముతో ఆ కథ ముగిసినదనియే ఆయన యూహ. పిల్లల యూహ వేరు. దిష్టిబొమ్మ యేమయ్యెను, కట్టెలవాడేమయ్యెనని జాబులు రాసాగెను. వేయిమంది బాలికలు వేయి జాబులు వ్రాసినచో మరియొక పుస్తకము వ్రాయుదునని ఒక బాలికకు మాట యిచ్చితిననియు, ఆ వేయి జాబులును వచ్చిచేరినవనియు ఆయన 1904లో వెలువడిన రెండవ సంపుటమున వ్రాసెను. అందు డోరతీ లేదు. పిల్లలు ఊరకుండక డోరతీని రప్పింపుమనిరి. 1907లో మూడవ సంపుటమున ఆమె తిరిగివచ్చెను. మాంత్రికుడేడీ యనిరి, 1908లో అతడును వచ్చెను. డోరతీ కుక్కపిల్ల టోటో యేడీ యనిరి. 1909లో ఐదవ సంపుటమున అదియు వచ్చెను. ఓజ్ కాని కథలు నాకెన్నియో తోచుచున్నవి, వానిని వ్రాయనిండని ఆయన నాలుగవ సంపుటపు పీఠికలో వేడుకొనెను. దానికి ప్రత్యుత్తరముగా జాబులు వెల్లువలై వచ్చెను.

ఐదవ సంపుటపు పీఠికలో ఆయన చెప్పిన మాట యొకటి జ్ఞాపకముంచుకొనదగినది. మీరు కోరినవన్నియు చేతనైనంత వరకు నెరవేర్చితిని. కాని కథ కాగితముపైకి వచ్చుటకు ముందే కథయై యుండవలెను. దానిని వ్రాయువాడు ఇష్టమువచ్చినట్లు మార్చినచో అది చెడిపోవునని ఆయన భావము. పాఠకుని యధికారమెంతవరకో, కథ యొక్క స్వధర్మమెచట నారంభమగునో, ఆ యెల్లను ఆయన పిల్లలకే చెప్పెను. వారు గ్రహింపగలరని నమ్మి చెప్పెను.

ఇట్లుండగా 1910లో ఆరవ సంపుటము, మరకతనగరపు కథ, వెలువడెను. ఇదియే కడపటిదిగా నుండవలెనని ఆయన నిశ్చయించుకొనెను. తాకట్టుపడిన పొలము పోయి నిలువనీడ లేని డోరతీ పినతల్లిని, ఆమె భర్తను ఓజ్ దేశమునకు తెచ్చి స్థిరపరచెను. భూగర్భమున నివసించు నోమ్ జాతి రాజు సొరంగము త్రవ్వి దండెత్తి రాగా, ఓజ్మా రాణి యుద్ధమొల్లదు. శత్రువులందరు మరపుకలిగించు జలమును త్రాగి తమ పగనే మరచిపోవుదురు. పిమ్మట పరదేశస్థులెవ్వరికిని కనబడకుండ ఆ దేశమునంతను గ్లిండా యను మంత్రవేత్త మాయముచేయును. లోకముతో మాకిక సంబంధము తెగినది, మా వార్తలు మీకిక రావని డోరతీ వ్రాసిన చీటితో గ్రంథము ముగియును. కథకుడు తలుపు మూయుటయే కాదు, తలుపున్న గోడనే కనబడకుండ చేసెను.

అటుపిమ్మట 1911, 1912 సంవత్సరములలో ఆయన ట్రాట్ అను బాలికయు, బిల్ అను ముసలి నావికుడును పాత్రలుగా సముద్రకన్యల కథయొకటి, ఆకాశద్వీపపు కథయొకటి ప్రకటించెను. అవి చక్కని కథలే. కాని ఓజ్ పుస్తకములవలె అమ్ముడు పోలేదు. పాఠకుని యభిప్రాయము రెండు విధముల వెల్లడియగును: ఒకటి జాబు, రెండవది అంగడిలో కొనక విడిచిన పుస్తకము. మొదటిది ప్రేమతో పలుకును. రెండవది మౌనముగా శాసించును. 1908లో తన కథలను చలనచిత్రములతోను, దీపచిత్రములతోను, వాద్యములతోను ఊరూర ప్రదర్శింపబోయి బామ్ అప్పులపాలై యుండెను. 1911లో న్యాయస్థానమునకు పోయి దివాలా ప్రకటించుకొనెను. కనుక ఆయన ఓజ్ దేశమునకు మరలుట కేవలము పిల్లలపై దయచేతనే యనుట పూర్తి సత్యము కాదు. అప్పులవారి యొత్తిడియు, ప్రకాశకుల కోరికయు అందు చేరియున్నవి. కాని ఎట్లు మరలవలెను? మాయమైన దేశపు వార్త ఏ దారిని వచ్చును? మాట తప్పిన కథకుని పిల్లలు నమ్ముదురా?

ఈ చిక్కును విప్పినదియు ఒక పాఠక శిశువే యని బామ్ చెప్పెను. తీగలేని తంతితో ఓజ్ దేశమువారిని ఏల పలుకరింపరాదని పిల్లలలో నొకరు జాబులో నడిగిరట. మార్కోని కనిపెట్టిన ఆ సాధనము అప్పటికి లోకమున క్రొత్త వింత. కంటికి కనబడని దేశమునకు కంటికి కనబడని తరంగములే దారియగుట ఎంత సహజము! 1913లో వెలువడిన ఏడవ సంపుటము, అతుకుల బొంతతో కుట్టిన బొమ్మపిల్ల కథ, ఈ యుపాయముతోనే యారంభమగును. గ్లిండా మంత్రమును ఎవ్వరును భంగపరుపలేదు; వెనుకటి సంపుటమున చెప్పినది అబద్ధమనలేదు. కథలోని నియమమును చెరపక దానిలోనే సందు వెదకుట ఆ పసివాని తెలివి. పెద్ద విమర్శకుడైనను ఇంతకంటె మేలైన సలహా నీయగలడా?

ఇచట నొక పోలిక స్ఫురించును. కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్ పాత్రను చంపి, 1903లో తిరిగి బ్రతికించెను. ఆ పాఠకులు పెద్దలు, వారు కోపించిరి. ఓజ్ పాఠకులు పిల్లలు, వారు ప్రశ్నించిరి. కోపము కథకుని బెదరించును. ప్రశ్న కథను పెంచును. 1915లో పిల్లల యాజ్ఞమీదనే ట్రాట్‌ను, నావికుడు బిల్లును ఓజ్ దేశమునకు తెచ్చితినని బామ్ వ్రాసెను. కట్టెలవాడు వివాహమాడదలచిన కన్నె యేమయ్యెనని పిల్లలు మాటిమాటికి అడుగుచుండిరి. మొదటి పుస్తకమున ఒక మూల చెప్పి విడిచిన మాట అది. పెద్దలు మరచిరి, పిల్లలు మరువలేదు. 1918లో ఆ ప్రశ్నకే ఒక సంపుటమంతయు సమాధానమయ్యెను. గ్రంథకర్త పేరుతోపాటు జాబులు వ్రాసినవారిని కూడ ముఖపత్రమున పేర్కొనవలసియుండునేమో యని ఆయన 1910లోనే యనెను. అది వట్టి చమత్కారము కాదు.

అయితే దీనికి వెల లేకపోలేదు. అంతకు పదేండ్ల క్రిందటనే, 1905లో, వేరొక రాజును గూర్చి వ్రాసి యుంచిన కథకు తుదను ఓజ్ పాత్రలనతికి 1916లో ఓజ్ సంపుటముగా ప్రకటింపవలసివచ్చెను. చదువరికి ఆ యతుకు కనబడుచునేయుండును. మొదట కథ యుండి, దాని కొరకు దేశము కల్పింపబడినది. తుదకు దేశముండి, దాని కొరకు కథలు వెదకవలసివచ్చినది. ప్రియమైనదానిని మరల మరల కోరు పాఠకుడు, తాను ప్రేమించిన కథకుని చేతులనే కట్టివేయవచ్చును. ట్రాట్‌కు ఓజ్ దేశమున స్థానము లభించినది కాని, ఆమె సొంత సముద్రము ఆమెకు దక్కలేదు.

పెద్దల మాట యింకొకటి కలదు. పిల్లలు చేతులు చాచి అందుకొనిన ఈ పుస్తకములను అమెరికాలో పలువురు గ్రంథాలయాధికారులు చిరకాలము చిన్నచూపు చూచిరి. వరుస సంపుటములుగా వచ్చు కథలు సాహిత్యము కావనియు, పిల్లల బుద్ధిని మందగింపజేయుననియు వారి తలంపు. బామ్ మరణించిన ముప్పది యెనిమిదేండ్లకు, 1957లో సైతము, ఈ పుస్తకములలో పిల్లలనుద్ధరించు గుణమేమియు లేదని డెట్రాయిట్ ప్రజాగ్రంథాలయపు అధిపతి పలికెనని పత్రికలు ప్రకటింపగా పెద్ద వాదము చెలరేగెను. ఆ యధికారులు దుష్టులు కారు. పిల్లలకు మంచి పుస్తకములీయవలెననియే వారి తపన. కాని మంచిచెడ్డలు నిర్ణయించునపుడు వారు చదువువారిని అడుగలేదు. అర్ధశతాబ్దము పాటు సంచులు నింపిన జాబులలో పిల్లలు తమ తీర్పును స్పష్టముగనే వ్రాసియుంచిరి.

బామ్ 1919 మే 6వ తేదీన హాలీవుడ్డులో మరణించెను. ఆ సంవత్సరమున వెలువడిన పదుమూడవ సంపుటపు పీఠికలో, దీర్ఘవ్యాధిచే మంచము పట్టియుండుటవలన మీ జాబులన్నిటికి బదులు వ్రాయలేకపోతినని పిల్లలకు చెప్పుకొనెను. పదునాలుగవది మరుసటి యేట వెలువడెను. పిమ్మట రూత్ ప్లమ్లీ థామ్సన్ అను రచయిత్రి 1921 మొదలు 1939 వరకు పందొమ్మిది సంపుటములు వ్రాసెను. కథకుడు పోయినను ఊకొట్టువారు పోలేదు.

ఈ చరిత్ర మన యిండ్లలోని పెద్దలకు చెప్పు మాట చిన్నది, కాని బరువైనది. బిడ్డ కథ విని “తరువాత?” అని యడిగినపుడు, చాలు, నిద్రపొమ్మని కసరుట సులభము. కాని ఆ ప్రశ్నలో ఆశ మాత్రమే కాదు, జ్ఞాపకము కలదు, తర్కము కలదు, న్యాయబుద్ధి కలదు. కట్టెలవాని కన్నె యేమయ్యెనని యడిగిన బిడ్డ, విడువబడిన యొక మనిషి కొరకే యడిగినది. ఆ గుణమును కథలయందు పెంపొందించుకొనినవారే రేపు లోకమున విడువబడినవారిని గూర్చియు అడుగుదురు. ఇక పాఠకులమగు మనము నేర్వవలసినదియు ఒకటి కలదు: ప్రియమైన కథకుని పాతదారికే పిలుచుచు క్రొత్తదారిని మూయకుండుట. తలుపు తట్టు హక్కు మనకున్నది. లోపలివాని కాలికి గొలుసు వేయు హక్కు లేదు.