జనవరి 30 సైరను, మే 7 సైరను

2025 మే 7వ తేదీ సాయంత్రం 4 గంటలకు హైదరాబాదులో సైరన్లు మోగాయి. గోల్కొండ, సికింద్రాబాదు, కంచన్‌బాగ్, మౌలాలిలలో 'ఆపరేషన్ అభ్యాస్' పేరిట జరిగిన పౌరరక్షణ కసరత్తు అది. ఆ తెల్లవారుజామునే మన సైన్యం సరిహద్దు అవతలి ఉగ్రవాద స్థావరాలపై దాడి చేసింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో మేము ఆ సైరన్లను టీవీలో విన్నాము. "తాతా, అది మోగితే ఏం చేయాలె?" అని మనుమడు అడిగాడు. 1971 డిసెంబరు యుద్ధం నాటికి వయసు వచ్చిన మన సభ్యులకు జవాబు గుర్తుండే ఉంటుంది. హెచ్చుతూ తగ్గుతూ ఏడ్చినట్టు మోగితే ప్రమాదం, లోపలికి పోవాలి. ఒకే తీరుగా ఆగకుండా మోగితే ప్రమాదం తప్పినట్టు. ఈ తేడా ఇప్పటి పిల్లలకు చెప్పినవారు లేరు. వారిని తప్పు పట్టి లాభం లేదు.

పాత సైరనులో పెద్ద రహస్యమేమీ లేదు. రంధ్రాలున్న డబ్బా లోపల రెక్కల చక్రం ఒకటి ఉంటుంది. మోటారు దాన్ని తిప్పుతుంటే గాలి తెగుతూ, వదులుతూ బయటికి వస్తుంది, అదే కూత. చక్రం వేగం పెరిగితే స్వరం హెచ్చుతుంది, తగ్గితే దిగుతుంది. ఏడుపు స్వరం కావాలంటే స్విచ్చి వేసి, తీసి, మళ్ళీ వేయాలి. అయితే ఇది మేడ మీద ఎండకూ వానకూ ఉండే వస్తువు. బేరింగుల్లో గ్రీజు గట్టిపడుతుంది. రంధ్రాల్లో పిట్టలు గూళ్ళు పెడతాయి. వైరును ఎలుకలు కొరుకుతాయి. కింద నిలబడి చూస్తే మాత్రం దిట్టంగానే కనబడుతుంది. మోగించి చూస్తే తప్ప పాడైన సంగతి తెలియదు.

రోజూ మోగే సైరనుకు ఈ బాధ లేదు. 1934లో స్థాపించిన వరంగల్ ఆజంజాహి మిల్లు సైరను అటువంటిది. షిఫ్టుల కోసం మోగే ఆ కూతే ఊరికి గడియారం. ఒక్కపూట మోగకపోయినా వేలమందికి తెలిసిపోతుంది. 2002లో మిల్లు మూతపడటంతో ఆ కూత కూడా పోయింది.

నేను పనిచేసిన ఒక కచేరీ మేడ మీద కూడా యుద్ధకాలం నాటి సైరను ఒకటి ఉండేది. ఏటా జనవరిలో అమరవీరుల దినం సర్క్యులర్ వచ్చేది. 30వ తేదీ ఉదయం 10.59 నుండి 11 గంటల దాకా సైరను, రెండు నిమిషాలు మౌనం, తిరిగి 11.02 నుండి 11.03 దాకా సైరను. దానికి నకళ్ళు తీసి కింది ఆఫీసులకు పంపడం నా సీటు పని. 28వ తేదీ నుండి ఎలక్ట్రీషియను కోసం వెదుకులాట మొదలయ్యేది. గాంధీగారి పుణ్యమా అని ఏడాదికి ఒక్కసారైనా ఆ యంత్రానికి గ్రీజు దక్కేది. ఒక ఏడు అది గుర్రుమని ఆగిపోయింది. అటెండరు బిళ్ళ గంట కొట్టి మౌనం పాటింపజేశాడు. తరువాత మరమ్మతు అంచనా పెడితే, ఫైలు మూడు సెక్షన్లు తిరిగి ఒక ప్రశ్నతో వాపసు వచ్చింది: "ప్రస్తుతము దీని ఆవశ్యకత ఏమి?" యుద్ధం లేదు, వరద లేదు. ఏమని వ్రాయాలి?

ఆవశ్యకత ఎలాంటిదో 1984 డిసెంబరులో భోపాల్ చూపింది. యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో కార్మికులను హెచ్చరించే అలారమును, బయటి జనానికి వినపడే సైరనును విడదీసి ఉంచారు. చిన్న లీకులకు బస్తీలు హడలిపోరాదని ఆ ఏర్పాటు. ఆ రాత్రి బయటి సైరనును కొద్దిసేపు మోగించి ఆపివేశారు. మళ్ళీ పూర్తిగా మోగించేసరికి విషవాయువు ఇళ్ళల్లోకి చేరింది. తరచు వినే సైరనే కదా, ఏదో కసరత్తు అనుకొని పడుకున్నవారూ ఉన్నారు. మోగించినా దాని అర్థం జనానికి తెలియకపోతే ఇంతే.

తరువాత చట్టాలు బాగానే వచ్చాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు. ఈ నియమాల ప్రకారం ఫ్యాక్టరీ లోపల ఆరు నెలలకొకసారి, ఫ్యాక్టరీ బయట జిల్లా యంత్రాంగం ఆధ్వర్యంలో ఏడాదికొకసారి కసరత్తు జరగాలి. ఇటువంటి కసరత్తుల రిపోర్టులు ఎలా తయారవుతాయో కచేరీల్లో జీవితం గడిపిన మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఇక మన తెలుగువారి సంగతి. 2020 మే 7న తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి ఎల్.జి. పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి ట్యాంకు నుండి బయటికి తన్నింది. లాక్‌డౌను రోజులు, ఊరంతా గాఢ నిద్రలో ఉంది. పోలీసులు, ఇరుగుపొరుగువారు తలుపులు తట్టి లేపారు. పరుగెత్తుతూ రోడ్డు మీదనే పడిపోయినవారెందరో. పన్నెండు మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో నన్ను కలచివేసిన విషయం ట్యాంకు వేడి లెక్కలు కాదు. ప్రధాన ద్వారంతో సహా 36 చోట్ల నుండి సైరను మోగించే ఏర్పాటు అక్కడ ఉన్నది. ఒక్క చోట నుండి కూడా ఎవరూ మోగించలేదు.

యంత్రం ఉన్నది, దాన్ని మోగించే చెయ్యి అలవాటు తప్పింది. మీట ఎక్కడుందో తెలిసినంత మాత్రాన, నడిరాత్రి కంగారులో దాన్ని నొక్కడం దానంతటది రాదు. నెలనెలా ఒకే వారం, ఒకే గంటకు, ముందుగా ఊరికి చెప్పి మోగిస్తే సిబ్బందికి చెయ్యి అలవాటవుతుంది, జనానికి చెవి అలవాటవుతుంది. యంత్రం లోపం ఏదైనా ఉంటే ఆ పూటే బయటపడుతుంది.

హైదరాబాదు కసరత్తు జరిగినది సరిగ్గా ఐదేళ్ళకు, అదే తేదీన. ఇది కాకతాళీయమే. ఆ రోజు టీవీలో వెంకటాపురం పేరు ఎవరైనా ఎత్తుతారేమోనని రాత్రి దాకా చూశాను, నేను చూసినంతలో ఎత్తలేదు.

మన పిల్లలు చాలామంది ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకున్నారు. ప్రమాదం వస్తే ఏమి చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే తెలియజేయాలని 1989 నియమాల్లో 15వ నియమం చెబుతుంది. సైరను చివరిసారి ఏ తేదీన మోగించి చూశారని ఒక తెల్ల కాగితం మీద వ్రాసి అడగవచ్చు. దరఖాస్తు వ్రాసి పెట్టమంటే నేను వ్రాసి పెడతాను. ఆ పని ఇంకా మరిచిపోలేదు.