నేటాలు బాటపై దీర్ఘధావనము

కార్యములన్నింటిలో ఆరంభమే కఠినమని పెద్దలందురు. భర్తృహరి నీతిశతకమునకు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగును చిన్ననాట వల్లెవేసిన వారికి ఈ విషయమును గూర్చిన పద్యము జ్ఞప్తి నుండక మానదు. విఘ్నములు కలుగునను భయముచే పనికి పూనుకొననివారొక తెగ. పూనుకొని నడుమ విడుచువారొక తెగ. అడ్డంకులెన్ని వచ్చినను తుదిముట్టించువారొక తెగ. ఈ మూడు తెగలును 1921వ సంవత్సరము మే నెల 24వ తేదీన దక్షిణాఫ్రికాలోని నేటాలు రాష్ట్రమున లెక్కలతో సహా కానవచ్చినవి. ఆనాటి పరుగుపందెమునకు పేరిచ్చినవారు 48 మంది. వచ్చి పరుగు మొదలిడినవారు 34 మంది. గమ్యము చేరినవారు 16 మంది. భర్తృహరి వచనమునకు ఇంతకంటె చక్కని చిట్టా దొరకుట అరుదు. ఐనను ఆ పరుగు చరిత్రను పూర్తిగా చదివినచో నాలుగవ తెగ యొకటి కలదని తెలియును. దాని ప్రసక్తి తుదకు వచ్చును.

మారథాన్ అను పరుగు నిడివి 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంతకు మించిన పరుగును అల్ట్రామారథాన్ అందురు. అట్టివానిలో మిక్కిలి ప్రాచీనమును, మిక్కిలి ప్రసిద్ధమును ఐనది నేటాలులోని కామ్రేడ్స్ మారథాన్. సముద్రతీరమున నున్న డర్బన్ పట్టణమునకును, మెట్టనేలపై నున్న పీటర్‌మారిట్స్‌బర్గు పట్టణమునకును నడుమ నున్న బాటయే దీని రంగస్థలము. దూరము ఏటేట కొంచెము మారుచుండును గాని రమారమి 54 మైళ్లు, అనగా దాదాపు 87 కిలోమీటర్లు. బెజవాడ నుండి ఏలూరు చేరి, తిరిగి సగము దారి వెనుకకు వచ్చినంత. బాట సమతలము కాదు. పీటర్‌మారిట్స్‌బర్గు సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల ఎత్తున నున్నది. కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచాంగా, పాలీ షార్ట్స్ అను ఐదు కొండదారులు నడుమ నిలిచి పరుగరి మోకాళ్లను పరీక్షించును. సాధారణముగా ఒక యేడు సముద్రము నుండి మెట్టకును, మరుసటి యేడు మెట్ట నుండి సముద్రమునకును పరుగు జరుగును.

ఈ సీమ తెలుగువారికి కొత్తది కాదు. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణము నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ ఒప్పందపు కూలీలను డర్బన్ రేవున దింపెను. అది మొదలు 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఆ రీతిగా నేటాలు చేరిరి. వారిలో విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాడు మొదలగు జిల్లాల తెలుగువారెందరో కలరు. చెరకుతోటలలోను, బొగ్గుగనులలోను, రైలుబాటలపైనను వారు చెమటోడ్చిరి. 1893 జూన్ నెలలో గాంధీమహాత్ముని మొదటి తరగతి పెట్టె నుండి రాత్రివేళ దింపివేసినది ఈ పీటర్‌మారిట్స్‌బర్గు స్టేషనుననే. పరుగు కథకు ఈ సంగతి అవసరమా యని తలపవచ్చును. అవసరమే. ఆ బాటపై ఎవరు నడువవచ్చును, ఎవరు నడువరాదు అను ప్రశ్న పరుగుకంటె ముందే పుట్టినది.

ఈ పరుగును తలపెట్టినవాడు విక్ క్లాఫమ్ అను రైలుఇంజను డ్రైవరు. 1886లో లండనున పుట్టి, చిన్నతనముననే దక్షిణాఫ్రికాకు వలస వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున సిపాయిగా చేరి, తూర్పు ఆఫ్రికాలో శత్రుసేనను వెంటాడుచు 1,700 మైళ్ల దూరము ఎండలోను వానలోను కాలినడకను తిరిగెను. సహచరులెందరో రోగములచేతను తుపాకిగుండ్లచేతను కన్నుమూసిరి. వారికి రాతిస్తంభములు నిలుపుటకంటె, వారనుభవించిన శ్రమను బ్రతికియున్నవారు ఏడాదికొకమారు తమ శరీరములతో స్మరించుట మేలని క్లాఫమ్ తలపోసెను. మాజీ సైనికుల సంఘమునకు విన్నపము చేసికొనెను. అంతటి పరుగు సామాన్యులకు ప్రాణాపాయకరమని సంఘమువారు నిరాకరించిరి. మరుసటి యేడు మరల అడిగెను, మరల నిరాకరించిరి. మూడవ యేడును అదియే సమాధానము. ఇంట సుఖముగా బ్రతుకుచుండి సైన్యమునకు పిలువబడినవారు అంత దూరము నడువగలిగినపుడు, శిక్షణ పొందినవారు 54 మైళ్లు పోలేరా యని అతడు వాదించెను. తుదకు 1921లో అనుమతి లభించెను. దానితోపాటు ఖర్చులకు ఒక పౌను పైకము ఇచ్చిరి. అదియు తిరిగి చెల్లింపవలసినదే.

ఆ ఒక్క పౌను పెట్టుబడితో మొదలైన తొలి పరుగున బిల్ రోవన్ అను రైతు 8 గంటల 59 నిమిషములలో డర్బన్ చేరి గెలుపొందెను. గడువు 12 గంటలు. కొన్ని ముక్కలు మాత్రమే రాళ్లు పరచినవి, తక్కినదంతయు మట్టిబాట. తరువాతి కాలమున ఇంతకంటె వడిగా పరుగెత్తినవారు వేలకొలది కలరు. ఐనను ముందెవ్వరును పోని దూరమునకు కాలు కదపినవాని గౌరవము వేరు. 9 గంటలలోపున చేరువారికి నేటికిని రోవన్ పేరిటి పతకమే యిత్తురు.

పరుగు నేర్వగోరువారు ముఖ్యముగా తెలిసికొనదగినది మరియొక రైతు చరిత్ర. అతని పేరు ఆర్థర్ న్యూటన్. 1883లో ఇంగ్లండున జన్మించి, నేటాలులో పొగాకు, ప్రత్తి పండించుచుండెను. అతడున్న ప్రాంతమును ఆఫ్రికనులకు కేటాయింప ప్రభుత్వము నిశ్చయించెను. తనకు తగిన పరిహారము లభింపలేదని అతడు అర్జీలు పెట్టుకొనెను. ఎవ్వరును చెవినిడలేదు. ఆ నేల అంతకు పూర్వమెవరిదను ప్రశ్న నేటి చదువరికి తట్టక మానదు. న్యూటనునకు మాత్రము తన తగవే తగవు. పందెమున గెలిచినవాని మాట పత్రికలు ప్రకటించునని యెంచి, కామ్రేడ్స్ పరుగున పాల్గొన నిశ్చయించెను. అప్పటికి అతనికి 38 ఏండ్లు. పరుగు అలవాటు తప్పి చిరకాలమైనది.

1922 ఆరంభమున అతడు తొలిదినము రెండు మైళ్లు పరుగెత్తెను. కాళ్లు పట్టివేసి కొన్ని దినములు సరిగా నడువలేకపోయెను. ఇచ్చటనే పెక్కుమంది ఆరంభకులు రెండవ తెగలో చేరిపోవుదురు. న్యూటన్ ఆగి ఆలోచించెను. తాను చేసిన తప్పు దూరమునందు లేదు, వేగమునందున్నదని గ్రహించెను. నాటినుండి అతడు అనుసరించిన పద్ధతి మిక్కిలి సరళమైనది. ప్రతిదినము తప్పక బాట పట్టుట మొదటిది. ఆయాసము కలుగనంత మెల్లగా పరుగెత్తుట, అలసినచో నడచుట రెండవది. దూరమును కొంచెము కొంచెముగా పెంచుచు వేగము తనంత తాను వచ్చువరకు వేచియుండుట మూడవది. అభ్యాసదినములలో ఎన్నడును పందెమువలె పరుగెత్తకుండుట నాలుగవది. అయిదు మాసములు గడచెను. ఆ మే నెలలో 39 ఏండ్ల న్యూటన్ 8 గంటల 40 నిమిషములలో మెట్టకెక్కి ప్రథముడయ్యెను. మరుసటి యేడు అదే బాటను దిగువకు 6 గంటల 56 నిమిషములలో ముగించెను. 1922 నుండి 1925 వరకు నాలుగేండ్లును, మరల 1927లోను అతడే విజేత. 1924లో లండన్ నుండి బ్రైటన్ వరకు 5 గంటల 53 నిమిషములలో పరుగెత్తి ఆంగ్లేయులను ఆశ్చర్యచకితులను గావించెను. పరుగులో గెలిచెనుగాని తగవులో గెలువలేదు, పరిహారము రాలేదు. కాని మెల్లగా, ఎక్కువగా, నిత్యముగా అను అతని సూత్రము గ్రంథముల మూలమున దేశదేశముల వ్యాపించినది. బాట సగము దూరమున, డ్రమండ్ దగ్గర, గట్టులో తొలిచినట్లున్న గూటిని ఆర్థరు ఆసనమందురు. అతడచ్చట విశ్రమించెడివాడని ప్రతీతి. నేటికిని పరుగరులు అచ్చట ఒక పువ్వునుంచి, శుభోదయము చెప్పి సాగిపోవుదురు.

నీటి విషయమున అటుపిమ్మట తెలిసినదానిని ఇచ్చట చేర్చుట మంచిది. ఎండలో పరుగెత్తువానికి నీరు కావలయును. కాని అతిగా త్రాగుటయు అపాయమే. 1981లో ఈ పరుగుననే ఒక స్త్రీ మితిమీరి నీరు త్రాగుటచే రక్తములో ఉప్పు పాలు తగ్గి ప్రమాదస్థితికి వచ్చెను. ఇట్టి ఉదంతములను పరిశీలించి టిమ్ నోక్స్ అను వైద్యుడు 1985లో సహచరులతో కలసి ప్రకటించెను. దప్పికకు తగినంత త్రాగవలెనే గాని పందెము వేసికొని త్రాగరాదు. సర్వత్ర అతిని వర్జింపుమన్న పెద్దల మాటకు వైద్యశాస్త్రము చేసిన వ్యాఖ్యానమిది.

ఇక నాలుగవ తెగ. 1923లో ఫ్రాన్సెస్ హేవార్డ్ అను స్త్రీ పరుగునకు దరఖాస్తు పెట్టుకొనెను. స్త్రీయగుటచే నిరాకరించిరి. ఆమె లెక్కకు రాకయే పరుగెత్తి 11 గంటల 35 నిమిషములలో గమ్యము చేరెను. పతకము ఇయ్యలేదు, తోడి పరుగరులును చూపరులును చందాలు వేసికొని వెండి తేనీటి పాత్రలు బహూకరించిరి. 1935లో రాబర్ట్ మ్‌షాలీ అను ఆఫ్రికను 9 గంటల 30 నిమిషములలో పరుగు ముగించెను. నల్లవాడగుటచే అతని పేరును లెక్కలలో వ్రాయలేదు. వీరు పూనుకొననివారు కారు, నడుమ విడిచినవారు కారు, తుదిముట్టించియు చిట్టాకెక్కనివారు. వీరిని భర్తృహరి లెక్కింపలేదు. ఆ బాట ప్రక్కన రైలుదారులు వేసిన కూలీల సంతతికిని ఇదే గతి. అర్ధశతాబ్దికి పైగా ఆ పరుగు తెల్లజాతి పురుషులకే చెల్లెను. 1975లో, ఏబదియవ పరుగు సందర్భమున, స్త్రీలకును అన్ని జాతులవారికిని ద్వారము తెరచిరి.

తెరచిన ద్వారము ఫలమేమో 1989లో లోకము చూచెను. ఆ యేడు సామ్ షబలాలా ఆ పరుగున గెలిచిన తొలి ఆఫ్రికను నల్లవాడయ్యెను. అదే దినమున వాలీ హేవార్డ్ అను 80 ఏండ్ల వృద్ధుడు తూలుచు, తడబడుచు, అప్పటి గడువైన 11 గంటలకు రెండు నిమిషములకంటె తక్కువ వ్యవధి మిగిలియుండగా గీత దాటెను. అతడు 1930లో, 21వ యేట, ఇదే పరుగున విజేత. ఒకనికి ఆరంభింప అనుమతి దొరకుటకు జాతి మొత్తము ఏండ్లతరబడి వేచియుండవలసి వచ్చెను. మరియొకడు ఆరంభించినదానిని ఏబదితొమ్మిదేండ్ల పిదపను విడువలేదు. 2019 నుండి 9, 10 గంటల నడుమ పరుగు ముగించువారికి ఇచ్చు పతకమునకు రాబర్ట్ మ్‌షాలీ పేరు పెట్టిరి. ఎనుబదినాలుగేండ్లకు అతని పేరు ఆ చిట్టాలో చేరినది.

గ్రంథాలయపు రజతోత్సవ వేళ ఈ చరిత్ర స్మరింపదగినది. దీర్ఘధావనమునకు గాని, పెద్దగ్రంథ పఠనమునకు గాని అసాధారణమైన శక్తి అక్కరలేదు. నేడు రెండు మైళ్లు, రేపు మరల రెండు మైళ్లు. నేడు రెండు పుటలు, రేపు మరల రెండు పుటలు. ఆరంభించుట, విడువకుండుట మనుష్యుని వంతు. ఆరంభింపగోరువాడు ఎవడైనను, ఎవతెయైనను, గుమ్మము ముందు నిలువబడిపోకుండ చూచుట ఊరి వంతు.