సర్వర్ సూచిక దీపాలు: అంకె నుంచి తీర్పు దాకా

కంప్యూటర్లపై వెలిగే దీపాలు తొలినాళ్లలో యంత్రం బాగోగులను తెలిపేవి కావు. యంత్రంలోని సంఖ్యనే చూపేవి. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రదర్శించిన ఎనియాక్‌లో ఒక్కొక్క అంకె స్థానానికి పది దశలుండేవి. ఏ దశకు చెందిన నియాన్ దీపం వెలిగితే అదే ఆ అంకె విలువ. ప్రదర్శనలో చూపరులకు స్పష్టంగా కనిపించడానికి పింగ్‌పాంగ్ బంతులను సగానికి కోసి ఆ దీపాలపై అమర్చారు. కంప్యూటరంటే మినుకుమినుకుమనే దీపాల గోడ అన్న సినిమా ఊహకు మూలం బహుశా ఇక్కడే ఉంది.

1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 ఫలకంపై రెండు రకాల దీపాలు పక్కపక్కనే కనిపిస్తాయి. కొన్ని రిజిస్టర్లలోని బిట్లను చూపేవి. ‘వెయిట్’, ‘లోడ్’ వంటివి యంత్రం ఏ స్థితిలో ఉందో చెప్పేవి. మొదటి రకాన్ని చదవడానికి ద్విసంఖ్యామానం తెలియాలి. రెండవదానికి ఆ పదం అర్థం తెలిస్తే చాలు. తరువాతి చరిత్ర రెండవ రకానిదే. ప్రాసెసర్ వేగం కంటిచూపును దాటిపోయింది. రిజిస్టర్లు చిప్పు లోపలికి చేరాయి. 1962లో నిక్ హోలోన్యాక్ రూపొందించిన ఎరుపు ఎల్ఈడీ వంశానికి చెందిన దీపాలు తంతు బల్బుల స్థానాన్ని ఆక్రమించాయి. ‘ఆరినది బిట్టా, బల్బా?’ అన్న పాత సందేహం దాదాపు తీరిపోయింది.

నేటి సర్వర్లలో సాధారణంగా ఆకుపచ్చ క్షేమాన్ని, నారింజ రంగు లోపాన్ని సూచిస్తాయి. ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ 1993లో జపాన్‌లో వెలువడిన తరువాతే సాధ్యమైన నీలి దీపం మాత్రం ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదు. ఒకే పోలికతో ఉన్న అనేక యంత్రాల నడుమ కావలసినదేదో చూపుతుంది, అంతే. ఈ గుర్తింపు చిన్న విషయం కాదు. రెయిడ్-5 అమరికలో ఒక డిస్కు చెడినా దత్తాంశం నిలుస్తుంది. చెడినదాన్ని వదిలి పక్కనున్న మంచి డిస్కును లాగితే ఆ అమరిక అంతా స్తంభిస్తుంది. అందుకే ఎస్ఎఫ్ఎఫ్-8489 ప్రమాణం డిస్కు దీపాల మినుకులకు అర్థాలు నిర్ణయించింది: సెకనుకు నాలుగుసార్లు మినుకితే ‘ఇదే ఆ డిస్కు’, ఒకసారైతే పునర్నిర్మాణం, ఆగకుండా వెలిగితే వైఫల్యం. అయినా తయారీదారుల ఆచారాలు పూర్తిగా ఏకం కాలేదు. చేతిపుస్తకం చూడక తప్పదు.

దీపం లోపలి సంఖ్యను చూపే పాత గుణం మాత్రం పూర్తిగా పోలేదు. కొన్ని మోడెముల ఎల్ఈడీలు ప్రవహించే దత్తాంశాన్నే అనుసరించి మినుకుతున్నాయనీ, ఆ వెలుగును దూరం నుంచి గ్రహించి సమాచారాన్ని తిరిగి రాబట్టవచ్చనీ జో లౌరీ, డేవిడ్ అంఫ్రెస్ 2002లో నిరూపించారు.