కరిచే కుక్కకు జాతే కారణమా?

పిట్‌బుల్‌, రాట్‌వీలర్‌ పేర్లు వింటేనే జనం జంకుతారు. ఈ భయమే పలు దేశాల్లో చట్టాలకు దారితీసింది. బ్రిటన్‌ 1991లో ప్రమాదకర శునకాల చట్టం తెచ్చి పిట్‌బుల్‌ టెర్రియర్‌, జపనీస్‌ టోసా సహా నాలుగు రకాలపై ఆంక్షలు విధించింది. మన దేశంలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో 23 జాతుల పెంపకానికి, విక్రయానికి అనుమతులు ఇవ్వరాదని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాల వాదన వినలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది.

జాతిని బట్టే స్వభావం ఉంటుందన్న నమ్మకాన్ని పరిశోధకులు పూర్తిగా సమర్థించడం లేదు. అమెరికా శాస్త్రవేత్తలు 18 వేలకు పైగా శునకాల వివరాలు సేకరించి 2022లో 'సైన్స్‌' పత్రికలో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతితో ముడిపడినవి సుమారు 9 శాతమే. పసితనంలో మనుషుల మచ్చిక లేకపోవడం, ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచడం, భయం, నొప్పి, పిల్లలను కాపాడుకోవాలనే ఆరాటం కుక్కను కరిచేలా చేస్తాయి. అయితే భారీ శరీరం, బలమైన దవడలు గల కుక్క కరిస్తే గాయం తీవ్రంగా ఉంటుంది.

పేరున్న జాతులతోనే ముప్పు అనుకోవడం పొరపాటు. హైదరాబాద్‌ అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల బాలుడిని బలిగొన్నవి వీధి కుక్కలే.

ఏ కుక్క కరిచినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం.