చార్లెస్ చారింగ్టన్: అడ్వాన్సు సొమ్ముతో ఇబ్సెన్ నాటకం ఆడిన సోషలిస్టు నటుడు

విక్టోరియా రాణి కాలం నాటి బ్రిటిష్ నట నిర్వాహకుల్లో చార్లెస్ చారింగ్టన్ ఒకరు. అసలు పేరు చార్లెస్ మార్టిన్. నటి జానెట్ అచర్చ్ ఆయన భార్య. ఇంగ్లండ్ రంగస్థలంపై ఇబ్సెన్ నాటకాలకు బాటలు వేసిన ఈయన, ఫేబియన్ సోషలిస్టుగానూ పనిచేశారు.

ఆ రోజుల్లో నట నిర్వాహకుడే థియేటర్‌ను అద్దెకు తీసుకుని, నాటకాన్ని ఎంచుకుని, నటులకు జీతాలిచ్చి, తానూ వేషం కట్టేవారు. నష్టం వస్తే భరించవలసిందీ ఆయనే. అందువల్ల కొత్త నాటకాలకు సాహసించేవారు అరుదు.

నోవెల్టీ థియేటర్‌లో నోరా

1889లో చారింగ్టన్ దంపతులకు ఆస్ట్రేలియా పర్యటన ఒప్పందం కుదిరింది. దాని అడ్వాన్సునే పెట్టుబడిగా పెట్టి, జూన్ 7న లండన్ నోవెల్టీ థియేటర్‌లో ‘ఎ డాల్స్ హౌస్’ ప్రదర్శించారు. విలియం ఆర్చర్ అనువాదమది. జానెట్ నోరాగా, చారింగ్టన్ డాక్టర్ ర్యాంక్‌గా నటించారు. భర్తనూ బిడ్డలనూ విడిచి గడప దాటిన నోరాపై పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. కొద్ది రోజులకే అనుకున్న ప్రదర్శనలు జూన్ చివరి వరకూ కొనసాగాయి.

అనంతరం ఆ దంపతులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పాటు భారత్‌లోనూ పర్యటించారు.

షాతో స్నేహం

నోరా ప్రదర్శన జార్జ్ బెర్నార్డ్ షాను ఆ దంపతులకు చేరువ చేసింది. 1890లో ఆయన ఫేబియన్ సొసైటీలో ఇబ్సెన్‌పై ఉపన్యసించారు. అదే మరుసటి ఏడాది పుస్తకంగా వెలువడింది. 1897లో అబర్డీన్‌లో షా రాసిన ‘కాండిడా’ తొలిసారి బహిరంగంగా ప్రదర్శితమైంది. జానెట్ కాండిడాగా, చారింగ్టన్ సోషలిస్టు మతగురువు మోరెల్‌గా నటించారు.

నష్టభారాన్ని పంచుకునే మార్గం

1899 నుంచి 1904 వరకు చారింగ్టన్ ఫేబియన్ సొసైటీ కార్యవర్గ సభ్యులు. 1899లోనే ఆరంభమైన స్టేజ్ సొసైటీలోనూ కీలకంగా వ్యవహరించారు. ఇది సభ్యుల చందాలతో నడిచేది, సభ్యుల కోసమే నాటకాలు ఆడేది. లాభాపేక్షతో పనిలేదు. ఒక్కరి నెత్తిన పడే నష్టాన్ని అందరూ పంచుకునే పద్ధతి ఇది. 1900లో ఆ వేదికపైనే ‘కాండిడా’కు చారింగ్టన్ దర్శకత్వం వహించగా, కవి మార్చ్‌బ్యాంక్స్‌గా యువ నటుడు గ్రాన్విల్ బార్కర్ కనిపించారు. 1904లో కోర్ట్ థియేటర్‌లో అదే ‘కాండిడా’తో బార్కర్ కొత్త నాటకాల యుగానికి నాంది పలికారు.

జానెట్ 1916లో, చారింగ్టన్ 1926లో కన్నుమూశారు. కీర్తి షాకూ బార్కర్‌కూ దక్కింది. వారి నాటకరంగానికి తొలి పెట్టుబడి మాత్రం ఇంకా ఆడని నాటకాల కోసం అందిన అడ్వాన్సే.